ఆపరేటరమ్మ పీకిన తీగ

“అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మీ కాగితాల కంపెనీ అమ్మను కూడా మించిపోయింది మరిదీ. అడక్కుండానే రోజుకు నాలుగుసార్లు వడ్డిస్తోంది.”

“వేళాకోళాలొద్దు వదినా. డెమ్మీ సైజు కాగితం అడిగితే క్రౌన్ సైజు వచ్చింది. నలభై రీములు. వాటినేం చేసుకోను, గాలిపటాలు కట్టుకోనా?”

“నువ్వు కట్టు, మీ అన్నయ్య ఎగరేస్తారు. ఆయనక్కూడా ఈమధ్య పెద్ద పనేం లేదు.”

“నవ్వకు. డెమ్మీ అయిపోయింది, ఏం చెయ్యమంటారని వాళ్ళు మెయిల్ పెట్టారట. నా దాకా రానిచ్చావా నువ్వు? జవాబు రాలేదని ఉన్నది పంపేశారు. సోమవారానికి రెండొందల రిజిస్టర్లు కుట్టివ్వాలి నేను.”

“మూడుసార్లు చెప్పి చూశాను వాళ్ళకి. మర్యాదగానే చెప్పాను. నాలుగోసారి పీకేశాను.”

“ఎవర్నడిగి పీకావు?”

“ఎవర్నడిగి పంపారు?”

తలుపు బయట, రెండో అంతస్తు మెట్ల మలుపులో నిలబడ్డ కుర్రాడు లోపలికి వెళ్ళాలో, వచ్చిన దారినే దిగిపోవాలో తేల్చుకోలేక గోడకు ఆనుకున్నాడు. ఆ పంపింది అతనే. కాగితాలూ సిరాలూ టోకున అమ్మే కంపెనీలో అతని పని అదొక్కటే. ఊళ్ళో ఉన్న ప్రెస్సులకూ, బైండింగు షాపులకూ, అసలు కాగితంతో ఏ సంబంధమూ లేనివాళ్ళకూ రోజుకు నాలుగు మెయిళ్ళు పంపడం. రెండో ఏడాదిలోనే కాలేజీకి దండం పెట్టి వచ్చేసిన వాడికి నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం దొరికిందని ఇంట్లోవాళ్ళు మురిసిపోయారు. ఈ పొద్దు మాత్రం అది నిలబడి చేసే ఉద్యోగమయింది. “ఆ బిల్డింగులో ఒకావిడ మనల్ని బ్లాక్ చేసి కూర్చుంది. తీయించుకుని రా. తీయించలేకపోతే రావద్దు” అన్నాడు ఓనరు, తలెత్తకుండానే.

ఒక్క భవనం పోతే ఓనరు పట్టించుకునేవాడు కాదు. కానీ ఆవిడ దగ్గరొక రిజిస్టరుంది. అందులో ఎవరి పేరు ఎక్కితే వాళ్ళను ఊళ్ళో మరో పది భవనాల మెయిళ్ళు చూసేవాళ్ళు కూడా ఆపేస్తారు. ఆవిడ ఊరికే ఎవరి పేరూ ఎక్కించదని వాళ్ళ నమ్మకం. ఓనరుకు తలనొప్పి అక్కడ పట్టుకుంది.

ఆవిడను అందరూ ఆపరేటరమ్మ అంటారు. ముప్పై రెండేళ్ళ కిందట, పంతొమ్మిదేళ్ళ పిల్లగా ఆ భవనంలోకి వచ్చింది. నాలుగంతస్తులు, నలభై మూడు పనిగదులు. తాళాలు చేసేవాళ్ళు, కళ్ళద్దాలు అరగదీసేవాళ్ళు, రబ్బరు స్టాంపులవాళ్ళు, ఫొటోలకు ఫ్రేములు కట్టేవాళ్ళు, సోఫాలు కుట్టేవాళ్ళు. అందరికీ కలిపి బయటి ఫోన్లు రెండే. ఆ రెండింటినీ నలభై మూడు గదులకూ పంచే స్విచ్‌బోర్డు ముందు ఆమె కుర్చీ. ఎవరైనా ఫోన్ చేస్తే ఎవరు, ఎవరి కోసం అని అడిగి, తీగ తీసి సరైన కన్నంలో గుచ్చడం పని. గుచ్చాక చెవి పక్కకు తీసెయ్యాలి. “కలపాలి, వినకూడదు.” ఆమెకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజు చెప్పిన మాట ఇదొక్కటే. ఆమె ఇంకో మాట అడగనూ లేదు.

మూడో ఏడాదిలో అనుకుంటా, పుస్తకాలమ్మే ఏజెంటొకడు దాపురించాడు. రోజూ పదింటికి మొదలుపెట్టి వరసగా ఒక్కో గదికీ కలపమనేవాడు. ఆమె కలిపేది. ఒకనాడు కింది అంతస్తులో అద్దాలాయన కంటి అద్దాన్ని రాయి మీద తిప్పుతున్నాడు. నాలుగు రోజుల పని, చివరి చుట్టు. పక్కనే ఫోన్ గణగణమంది. చెయ్యి అదిరింది. అద్దం పోయింది. ఆయన పైకి వచ్చి ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. పోయిన అద్దాన్ని బోర్డు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు ఆమె రిజిస్టరు తెరిచింది. ఏజెంటుకు మూడు రోజులు మర్యాదగా చెప్పింది, ఇక్కడ ఎవరూ అడగలేదండీ అని. నాలుగో రోజు గొంతు వినగానే తీగ పీకేసింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. మూడు మర్యాదలు, నాలుగోది పీకుడు.

తొమ్మిదేళ్ళ కిందట స్విచ్‌బోర్డును ఊడదీసి పాత సామాన్లవాడికి వేశారు. భవనానికంతా ఒకటే మెయిల్ కంప్యూటరు తెచ్చి అదే గదిలో పెట్టారు. ఆపరేటరమ్మ ఇక ఇంటికెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు, ఆమె తప్ప. కంప్యూటరు బిగించడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి నెల రోజులు ప్రశ్నలతో తోమింది. “పోతున్నానమ్మా, నాకు తెలిసిందంతా అయిపోయింది” అని వాడే పారిపోయాడు. కుర్చీ పాతదే. పాత హెడ్‌ఫోను గోడకు మేకు మీద ఇంకా వేలాడుతోంది. అద్దాలాయన ఇచ్చిపోయిన ఆ అద్దం రిజిస్టరు మీద బరువుగా ఉంటుంది.

లోపల గొంతులు తగ్గాయి. కుర్రాడు తలుపు తోశాడు.

బల్లకు ఇవతల బైండరున్నాడు, చేతులకు ఎండిన జిగురు పొలుసుల్లా లేస్తోంది. భవనం సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే. బల్ల మీద సంఘం ముద్రతో ఒక కాగితం. సాయంత్రం ఐదులోగా కంపెనీతో తేల్చుకోకపోతే ఆపరేటరమ్మ మెయిల్ గది తాళాలు అప్పగించాలని దాని సారాంశం. సంతకం పెట్టి ఉంది. ఆమె ఆ కాగితాన్ని చూడటంలేదు, కిటికీలోకి చూస్తోంది.

“ఆంటీ, నేను కాగితాల కంపెనీ నుంచి వచ్చాను” అన్నాడు కుర్రాడు.

“మీ అమ్మా నేనూ ఎప్పుడు కలుసుకున్నాం?”

“మేడమ్ అనమంటారా?”

“ఆపరేటరనే అను. జీతం దానికే ఇస్తున్నారు, ఐదింటిదాకా.”

బైండరు కుర్చీ లాగి కూర్చున్నాడు. “అదిగో, మనిషే వచ్చాడు. తేల్చుకో వదినా. ఉరుము ఉరిమి నా నెత్తిన పడింది మీ ఇద్దరి మధ్యా.”

కుర్రాడు దారిలో నెమరేసుకున్న పాఠం అప్పజెప్పాడు. తమది మంచి పేరున్న కంపెనీ. మెయిళ్ళు దొంగతనంగా పంపడంలేదు. వద్దనుకున్నవాళ్ళు కింద ఉన్న చోట నొక్కితే చాలు.

“నొక్కాను” అంది ఆమె. “నొక్కితే రోజుకు మూడొచ్చేవి నాలుగయ్యాయి. తర్వాత ఉత్తరం రాశాను, మూడుసార్లు. జవాబుగా ఏం వచ్చిందో తెలుసా? ‘ప్రియమైన కస్టమర్, మీ అభిప్రాయం మాకు అమూల్యం, త్వరపడండి.’ దేనికి త్వరపడాలి నేను?”

ఆ జవాబు కూడా కుర్రాడు పెట్టినదే. అంటే, పెట్టమని మిషనుకు చెప్పినది. అతను కిటికీ వైపు చూశాడు. అక్కడ చూడదగ్గదేమీ లేదు.

“సరే, ప్రకటనలు ఆపుకో” అన్నాడు బైండరు. “నా ఆర్డరు మాటెందుకాపావు?”

ఆమె నీళ్ళు నమల్లేదు. “అది నా తప్పే మరిదీ. పాత బోర్డులో ఒక్కో మనిషికి ఒక్కో తీగ. వీళ్ళకు ఆర్డరూ, బిల్లూ, ప్రకటనా అన్నీ ఒకే తీగలోంచి వస్తాయి. పీకితే అన్నీ పోతాయి. ఆ సంగతి నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. నీ రీములకు నాదీ పూచీ ఉంది. కానీ పీకినందుకు క్షమించమని మాత్రం అడగను.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని బైండరు గొణిగాడు. ఆమెకు వినబడింది. ఇరవై మూడేళ్ళు చెవులతో బతికిన మనిషి.

“అబ్బాయ్” అంది. “నువ్వు పంపే ఉత్తరాన్ని ఎప్పుడైనా పైకి చదివావా?”

“పైకా? ఎందుకు?”

“మా రోజుల్లో ఎవరింట్లోకైనా మాట వెళ్ళాలంటే దాన్ని ఎవరో ఒకరు నోటితో అనాలి. అను. ఈ నలభై మూడు గుమ్మాల ముందూ నిలబడి నీ ఉత్తరం చదువు, మొదట్నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా. చాలు అన్నవాళ్ళ దగ్గర ఆపెయ్. పూర్తిగా విని, ఇంకా పంపు అన్నవాళ్ళను నేను రాసుకుంటాను. పదిమంది అలా అంటే ఆ తాళాలు నేనే తీసి మా మరిది చేతిలో పెడతాను. మీ కంపెనీకి తలుపులు బార్లా తెరిచిమరీ పోతాను.”

“పదిమంది అనకపోతే?”

“వద్దన్నవాళ్ళ పేర్లు నీ చేత్తో కొట్టేస్తావు, నా కళ్ళ ముందు. ఆర్డరు మాటలు వేరే అడ్రసు నుంచి వస్తాయి.”

నలభై మూడుమందిలో పదిమంది దొరకరా అనుకున్నాడు కుర్రాడు. బైండరు ఒకడు ఎలాగూ ఉన్నాడు, తొమ్మిది చాలు. “సరే” అన్నాడు.

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. ఆపేసిన మెయిళ్ళు ఒక పక్కన పడి ఉంటాయి. అందులో బైండరుకు ఆర్డరు పేరుతో వచ్చినదాన్ని వెతికి, అచ్చు తీసి, అక్షరాల వైపు లోపలికి పెట్టి మడిచింది. “ఇది ఆఖరి గుమ్మంలో చదువు. నేను చూడలేదు. ఎవరి ఉత్తరమూ తెరవను.” మిగిలిన గుమ్మాలకు కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నదే, ఈ పొద్దు తొమ్మిదింటికి పంపినదే అచ్చు తీశారు. మూడు పేజీలు. మెయిల్‌లో అది అంత పొడుగని అతనెప్పుడూ అనుకోలేదు.

మొదటి గుమ్మం అద్దాలాయనది. ముసలివాడయిపోయాడు, రాయి ఇంకా తిరుగుతూనే ఉంది. “ప్రియమైన కస్టమర్” అని కుర్రాడు మొదలుపెట్టగానే ఆయన తలెత్తకుండా వేలెత్తాడు. ఆపరేటరమ్మ రెండడుగుల దూరంలో నిలబడింది. ఉత్తరం వినను, జవాబు వింటాను అని ముందే చెప్పింది. రిజిస్టరులో ‘వేలు’ అని రాసుకుంది.

రెండో గుమ్మం తాళాలవాడిది. “ఆగాగు. ప్రియమైన కస్టమరంటే ఎవరు?”

“మీరే.”

“నా పేరు తెలుసా నీకు?”

“తెలీదండీ.”

“పేరు తెలీనివాడు గుమ్మంలో నిలబడి ప్రియం అన్నాడంటే మేం తాళాలు మార్చుకోమంటాం. చాలు, పద.”

కుర్రాడికి నవ్వొచ్చింది. కానీ తర్వాతి గుమ్మంలో ‘ప్రియమైన’ అనేసరికి నాలుక తడబడింది.

రబ్బరు స్టాంపులాయన మాత్రం స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మూడు పేజీలూ విన్నాడు. “రోజూ రా బాబూ. ఈ గదిలో మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో” అన్నాడు.

“ఉత్తరం రమ్మంటున్నారా, అబ్బాయిని రమ్మంటున్నారా?” అంది ఆపరేటరమ్మ.

“రెండూ ఒకటే కదమ్మా.”

ఒకటి కాదని ఆమెకు తెలుసు, అయినా రాసుకుంది. ఒకటి.

ఫ్రేములాయన బొమ్మలు బావున్నాయి, వాటికోసం పంపమన్నాడు. రెండు. వాయిద్యాలు బాగుచేసే అక్కచెల్లెళ్ళు పక్కనున్న గదిలో పనాపి మరీ విన్నారు. సగంలో పెద్దది అడ్డుకుంది. “ఆ త్వరపడండి దగ్గర గొంతెందుకు లేస్తుంది నీకు? ఎవరైనా తరుముతున్నారా?” చిన్నది లెక్కపెట్టినట్టుంది. “ఏడుసార్లు వచ్చిందక్కా ఇప్పటికి. ఇంకో పేజీ ఉంది.” ఇద్దరూ కలిసి చాలన్నారు. చదవడం మాత్రం బాగుంది, వార్తలు చదువుకో అని ఒక సలహా పారేశారు.

సోఫాలాయన వింటూ నిద్రపోయాడు. చివర్న లేపి అడిగితే, “పంపండి, నిద్ర బాగా పట్టింది” అన్నాడు. ఆపరేటరమ్మ మొహంలో ఏ మార్పూ లేకుండా అదీ రాసుకుంది.

రెండో అంతస్తు అయ్యేసరికి ‘త్వరపడండి’ అన్న మాట కుర్రాడి చెవుల్లో జోరీగలా తిరగడం మొదలెట్టింది. మొత్తం పదకొండుసార్లుంది. టైపు చేసినప్పుడు అది మాటే కాదు, ఉప్పులాగా పైన చల్లేది. నోట్లోంచి వస్తుంటే మాత్రం ఎదుటివాడి మొహం మీద ఏదో విసిరినట్టుగా ఉంది. విసిరిన ప్రతిసారీ ఆ మొహం ముడుచుకోవడం అతనికి కనిపిస్తోంది. మూడో అంతస్తు మెట్ల మీద ఆపరేటరమ్మ మంచినీళ్ళ సీసా అందించింది.

“తాగు. గొంతు పోతే ఆ పాపం కూడా నా నెత్తిన వేస్తారు.”

“మీకు తాళాలు పోతే ఏం చేస్తారు?” అన్నాడతను, తాగి.

“ఏం చేస్తాను? ఇంట్లో కూర్చుంటాను. ఇంట్లో ఒక్కటే ఫోను. దాన్ని ఎవరికి కలపను?” మెట్లెక్కుతూనే అంది, వెనక్కి చూడలేదు. “పోనియ్యను గానీ, అడిగావు కాబట్టి చెప్పాను.”

మూడో అంతస్తు చివర టైలరుది గది. ఆమె భర్త. ఈ ఇద్దరి కథ భవనంలో అందరికీ తెలుసు. ఆయనకు ఫోన్లు వచ్చేవి కావు. చేసేవాడు కూడా కాదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోన్ ఎత్తి ఆపరేటర్ని టైమెంతయిందని అడిగేవాడు. నెలరోజులు చెప్పి, ఒకనాడు ఆమె, “మీ గోడ మీద గడియారముంది, టిక్కుటిక్కుమంటూ నాకే వినబడుతోంది” అంది. “వినబడుతోందా? అయితే వచ్చి చూడండి” అన్నాడట ఆయన.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కత్తెర పక్కన పెట్టి, మూడు పేజీలూ విన్నాడు. సిరా సీసాల దగ్గర తల కూడా ఊపాడు.

“పంపు బాబూ” అన్నాడు.

“ఏమండీ” అంది ఆపరేటరమ్మ.

“ఏమోయ్?”

“మీకు కాగితమెందుకు? సిరా ఎందుకు?”

“నాకేమీ అక్కర్లేదు. అబ్బాయి అంత కష్టపడి చదివాడు, వద్దని ఎలా అంటాను? నీలాగా నోరున్నవాణ్ణి కాదు.”

“నా తాళాలు పోతాయి.”

“పోవు” అన్నాడు టైలరు, కళ్ళద్దాలు దించుకుంటూ. “నాకు తెలుసు గదా నీ సంగతి.”

ఆమె రాసుకుంది. పెన్ను కాస్త గట్టిగా పడింది కాగితం మీద. మధ్యలో ఇంకో ముగ్గురు చేరారు, అప్పటికి ఏడు.

నాలుగో అంతస్తులో ఇంకో ఇద్దరు దొరికారు. ఒకామె పొరపాటున, ఒకాయన మొహమాటానికి. తొమ్మిది. ఇక మిగిలింది బైండరు గుమ్మం ఒక్కటే. టైము నాలుగున్నర.

కుర్రాడి కాళ్ళు తేలికయ్యాయి. గెలుపు జేబులో పడ్డట్టే. బైండరు కంపెనీ పక్షాన సంతకమే పెట్టి ఉన్నాడు. ఆయన గదిలోకి అడుగుపెడుతూ, అచ్చు తీసి మడిచిన ఆ కాగితాలు విప్పాడు. ప్రియమైన కస్టమర్. తర్వాత రంగు కాగితాల బొమ్మ. తర్వాత సిరా సీసాల బొమ్మ. మొత్తం ఏడు బొమ్మలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరా, ఒక్కోదాని చివర ఒక త్వరపడండి. పేజీలు తిప్పాడు. సైజు సంగతి లేదు. మూడో పేజీ అడుగున, కంపెనీ అడ్రసుకు కూడా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ‘మీరు కోరిన డెమ్మీ లభ్యం కానందున క్రౌన్ పంపబడును, అభ్యంతరమున్నచో ఈ సాయంత్రంలోగా తెలుపగలరు.’

అతనికి గుర్తొచ్చింది. “ఆర్డరు మెయిలయితే చచ్చినట్టు తెరుస్తారు. ప్రకటనలన్నీ దాని మీద ఎక్కించు” అని ఓనరు చెప్పిన రోజు. ఎక్కించింది అతనే. చక్కగా అమర్చావని మెచ్చుకున్నారు కూడా.

ఆ ఒక్క వాక్యం ముందు చదివేస్తే చాలు. బైండరు విని, స్పష్టంగానే చెప్పారు కదా అంటాడు. పది అవుతుంది. ఆపరేటరమ్మ రెండడుగుల దూరంలో, తలుపు బయట, కావాలనే మొహం అటు తిప్పుకుని నిలబడింది. ఈ ఉత్తరాన్ని ఆమె చూడలేదు, చూడదు. ఎక్కడ మొదలుపెట్టాడో ఆమెకు తెలిసే దారే లేదు.

అందుకే కాబోలు, వెధవది, చెయ్యి కదల్లేదు. చూసేవాళ్ళుంటే ఎలాగోలా తప్పించుకోవచ్చు. చూడనని నిలబడ్డ మనిషిని ఏం చేస్తాం?

“ప్రియమైన కస్టమర్” అని మొదట్నుంచి మొదలుపెట్టాడు.

బైండరు అట్టకు జిగురు రాస్తూ వింటున్నాడు. రెండో బొమ్మ దగ్గర, “చాలు చాలు, సైజు సంగతి చదువు” అన్నాడు.

“చాలన్నావు మరిదీ. రాసుకోనా?” అంది గుమ్మంలోంచి ఆపరేటరమ్మ.

“అయ్యో, అది కాదు. చదవమను. నా ఓటు వీళ్ళకే.”

“పద్ధతి ప్రకారం మూడుసార్లు చూస్తాను. ఒకటి అయింది.”

నాలుగో బొమ్మ దగ్గర బైండరు బ్రష్షు డబ్బాలో పడేశాడు. “ఏంటయ్యా ఈ సోది? చాలించి అసలు మాటకు రా.”

“రెండు.”

“వదినా, నువ్వు నోరు మూసుకో కాసేపు. చదవవయ్యా.”

కుర్రాడు చదివాడు. అయిదో బొమ్మ, ఆరో బొమ్మ. బైండరు కాళ్ళు మారుస్తున్నాడు. జిగురు ఆరిపోతోంది. ఏడో బొమ్మ కింద ఏడో త్వరపడండి రాగానే ఆయన చెయ్యెత్తి, “చాల్రా నాయనా, చాలు. చెవులు చిల్లులు పడ్డాయి” అన్నాడు.

రిజిస్టరు మూసిన చప్పుడయింది. “మూడు.”

కుర్రాడు కాగితం దించాడు. తొమ్మిదితో ఆగింది. పందెం పోయింది, బహుశా ఉద్యోగం కూడా. ఇక మాట్లాడాల్సిన అవసరం అతనికి లేదు. అయినా అన్నాడు. “సైజు సంగతి ఇంకా రాలేదండీ.”

“ఏదీ?”

“అడుగున ఉంది. మీరు చాలన్న చోటికి ఇంకా కింద.”

బైండరు కాగితం లాక్కున్నాడు. వెలుతురుకు పెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇనుప స్కేలు తీసి ఆ అక్షరాల మీద ఆనించి కొలిచాడు కూడా. ఆయన జీవితమంతా కాగితమే. ఎక్కడ ఎంత జాగా వదలాలో, ఏది పైన ఉండాలో, ఏది కింద ఉండాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఇది నాకు చెప్పడమా?” అన్నాడు చివరికి, నెమ్మదిగా. “ఇది నా దగ్గర దాచడం. వదిన రానిచ్చినా నేను చదివేవాణ్ణి కాదు. రెండో బొమ్మ దగ్గరే పారేసేవాణ్ణి. పెద్ద నోరు వేసుకుని స్పష్టంగా రాశామన్నాడు మీ ఓనరు, ఫోన్లో.”

“ఆయన కూడా చదివుండడండీ” అన్నాడు కుర్రాడు. “అక్కడ పెట్టింది నేను.”

బైండరు అతన్ని ఎగాదిగా చూశాడు. తిట్టబోయి మానుకున్నాడు. బల్ల మీంచి తెచ్చుకున్న సంఘం ముద్ర కాగితాన్ని జేబులోంచి తీసి, పొడుగ్గా నాలుగు చీలికలు కోసి, కుడుతున్న రిజిస్టరు వీపుకు జిగురు రాసి వరసగా అతికించాడు. గట్టి కాగితం, వీపుకు బాగా పనికొస్తుంది.

“నీది కూడా తప్పే వదినా” అన్నాడు, తల తిప్పకుండా.

“నాది తప్పేనని పొద్దున్నే చెప్పాను. నువ్వే వినలేదు.”

“ఇప్పుడు విన్నాను. పో, నా జిగురు ఆరిపోతోంది.”

కిందికి దిగి మెయిల్ గదిలోకి రాగానే కుర్రాడి ఫోను మోగింది. ఓనరు. ఏం చెప్పాలో తెలియక చూస్తుంటే ఆపరేటరమ్మ చెయ్యి చాపింది. ఫోను తీసుకుని, వీపు నిటారుగా పెట్టి, ముప్పై రెండేళ్ళ కిందటి గొంతుతో, “నమస్కారమండీ. ఎవరు కావాలి?” అంది. ఇకమీదట ఆర్డర్లు వేరే అడ్రసు నుంచి పంపమంది. అటు ఓనరు ఏదో అరిచాడు. ఆర్డర్లు వేరుగా పంపడమంటే కుదరదనో, కోర్టుకెక్కుతాననో. ఆమె అంతా విని, “మీరడిగిన లైను ఖాళీ లేదండీ” అని పెట్టేసింది. ఫోను తిరిగిచ్చింది.

“నా ఉద్యోగం” అన్నాడు కుర్రాడు.

“పోతుందా?”

“పోవచ్చు.”

“పోతే పోనీ. చదవడం వచ్చు నీకు.” ఓదార్పు కాదది. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. “ముందు మాట ఇచ్చిన పని కానివ్వు.”

అతను ల్యాప్‌టాప్ తెరిచాడు. భవనం పేరు మీద నలభై నాలుగు అడ్రసులున్నాయి. నలభై మూడు గదులూ, ఆమెదీ. రిజిస్టరు పక్కన పెట్టుకుని ఆమె ఒక్కొక్కరిదీ చదివింది, వేలెత్తిన అద్దాలాయన దగ్గర్నుంచి. అతను ఒక్కొక్కటీ కొట్టేశాడు. ఇంకా పంపమన్న తొమ్మిదిమందినీ ఆమె ముట్టుకోనివ్వలేదు. సోఫాలాయనను కూడా. “అడిగినవాళ్ళకు పెట్టు. నిద్ర కోసమే అయినా అడిగాడు కదా.” టైలరు పేరు దగ్గర మాత్రం ఒక క్షణం ఆగి, ఉంచమన్నట్టు చెయ్యి ఊపింది.

ముప్పై నాలుగు అయ్యాయి. చివర ఆమె అడ్రసు ఒక్కటే మిగిలింది. ఈ గొడవంతా మొదలయింది అక్కడే. కుర్రాడు దాన్ని కూడా ఎంచుకుని, కొట్టెయ్యబోయాడు. ఆమె అతని మణికట్టు మీద చెయ్యి వేసింది.

“అది తియ్యకు.”

“మీదేనండీ ఇది.”

“తెలుసు. నిన్నొకటి అడుగుతాను, చేసిపెట్టు. నాకు పంపు. రోజుకు నాలుగయితే నాలుగూ పంపు, ఒక్కటి తగ్గించకు. నువ్వు ఆ కుర్చీలో ఉంటే నువ్వు పంపు, లేకపోతే నీ తర్వాత వచ్చేవాడికి చెప్పివెళ్ళు. ఆవిడ ఒక్కతికీ ఆపొద్దని చెప్పు. రేపు మీవాళ్ళు పేరు మార్చుకుని ఇంకో గొంతుతో వస్తారు. ఆ గొంతు నేను ముందు వినాలి.”